ఆడదూడలు పుడతాయి సరే, పడ్డలను పెంచేదెవరు?

ఆడదూడలే పుట్టేలా వేరుచేసిన వీర్యం గురించి విశాఖపట్నం పాడి రైతుల్లో మళ్లీ వాదన మొదలైంది. ఈ వీర్యంతో కృత్రిమ గర్భధారణ సూది వేయిస్తే నూటికి 90 వరకు ఆడదూడలే పుడతాయని, కొన్నేళ్లలో పాడి పెరుగుతుందని పశుసంవర్ధక శాఖ చెబుతోంది. ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు రైతులు ఎదురు అడిగేది ఒకటే. ఇప్పటికే పుడుతున్న ఆడదూడల్లో పడ్డలుగా (ఇంకా ఈనని ఎదిగిన ఆడదూడలుగా) పెరిగి, తొలి ఈత దాకా నిలబడేవి ఎన్ని?

ఇవాళ్టి వాదనకు మూలం పాలకేంద్రాలు ఊళ్లలోకి వచ్చిన రోజుల్లో ఉందని నా నమ్మకం. 1974లో రాష్ట్ర పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ ఏర్పడింది. విశాఖ డెయిరీ కూడా ఆ దశాబ్దంలోనే వచ్చింది. రెండు పూటలా పాలు పోస్తే వెన్న శాతం చూసి డబ్బు లెక్కకట్టే పద్ధతి పల్లెలకు చేరింది. ఎకరం కూడా లేని ఇంటికి అది ఎంత ఆసరా అయిందో ఈ ప్రాంతంలో ఎవరిని అడిగినా చెబుతారు. కానీ ఆ ఆదాయంలో ఒక వాటా దూడ కడుపు కొట్టి వచ్చిందే.

అంతకుముందు దూడను వదిలి, గేదె చేపాక (పొదుగులోకి పాలు దించాక) పాలు పితికి, చివర కొంత పొదుగులోనే వదిలేసేవారు. మళ్లీ దూడను విప్పితే ఆ మిగులు అది తాగేది. పితుకు చివర వచ్చే పాలలోనే వెన్న ఎక్కువ. ధర వెన్నను బట్టి కట్టడం మొదలయ్యాక సరిగ్గా ఆ చివరి పాలకే విలువ పెరిగింది. దూడను మాడ్చాలని ఎవరూ అనుకోలేదు. పొదుగు పూర్తిగా పిండుకోవడం మాత్రం ఇంటింటా అలవాటైపోయింది. నగరంలోని గేదెల కొట్టాల్లో పరిస్థితి మరీ దారుణం. అక్కడ ఈనిన గేదెను కొనుక్కొచ్చి, పాలు తగ్గగానే అమ్మేస్తారు. దూడ చనిపోతే చేపు కోసం ఆక్సిటోసిన్ సూది వేసే వాళ్లూ ఉన్నారు. అది వచ్చాక దూడ బతకాల్సిన ఆ కాస్త అవసరం కూడా తీరిపోయింది.

పెంపకం తెలిసిన వాళ్లకు మొదటి 3 నెలలు ఎంత గండమో తెలుసు. కడుపులో ఉండగా దూడకు తల్లి నుంచి రోగనిరోధక శక్తి అందదు. అది జున్నుపాల ద్వారానే రావాలి. పుట్టిన గంట, రెండు గంటల్లోనే తాగించడం మొదలుపెట్టి, తొలి రోజు ఒంటి బరువులో పదో వంతు పట్టించాలి. అంటే 30 కిలోల దూడకు 3 లీటర్లు. కానీ జున్నుకు నగరంలో ఎప్పుడూ గిరాకీయే, దాంతో దూడ వాటా అమ్మకానికి పోతుంది. ఇక గేదె దూడలకు ఏలికపాములు తల్లిపాల ద్వారానే వస్తాయి. రెండు వారాల లోపే నట్టల మందు పట్టకపోతే తెల్లగా పారుకుని నీరసించిపోతాయి.

అలా చిక్కిపోయిన దూడ బతికి బట్టకట్టినా ఎదగదు, ఆ నష్టం మూడేళ్లకు బయటపడుతుంది. పడ్డ ఎదకు రావడం వయసు కంటే బరువు మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ముర్రా రకమైతే 300 కిలోలు దాటాకే కట్టించాలి. మొదటి నుంచీ బాగా మేపిన పడ్డ మూడేళ్లకు ఈనుతుంది. చిన్నప్పుడు పస్తులున్నది నాలుగేళ్లకు కూడా ఈనదు. దానికి తోడు గేదెల్లో మూగ ఎద, అంటే ఎదకు వచ్చినా బయటికి తెలియకపోవడం. ఎండాకాలం ఎద లక్షణాలే కనిపించవు. ఒక అదను తప్పితే నెలలు గడిచిపోతాయి. అన్నాళ్లు గడ్డి వేసి, చూడి నిలవని పడ్డను చూసుకుంటూ కూర్చోవడం రైతుకు ఎంత టెన్షనో చెప్పనక్కర్లేదు.

ఒకప్పుడు ఈ భారాన్ని మోసే ఏర్పాటు ఊళ్లోనే ఉండేది. పాలు మానిన దూడను పశువుల్లేని ఇంటికి సగం వాటాకు ఇచ్చేవారు. వాళ్లు చెరువు గట్ల మీద, బంజర్లలో మేపేవారు. పడ్డ ఈనాక ధర కట్టి చెరిసగం పంచుకునేవారు, లేదా ఒకరు రెండో వారికి సగం డబ్బు ఇచ్చి ఉంచుకునేవారు. మేత ఉచితంగా దొరికినంత కాలం ఇది సాగింది. 2005లో గాజువాకతో పాటు 32 గ్రామాలు మహా విశాఖలో కలిశాయి. తర్వాత భీమిలి కూడా చేరింది. పశువులు మేసిన బయళ్లు లేఅవుట్లయ్యాయి. మేత కొనాల్సి వచ్చేసరికి ఆ సగం వాటాతో ఎవరికీ గిట్టుబాటు కాకుండా పోయింది.

ప్రభుత్వాలు సాయం చేయలేదని కాదు. పశుక్రాంతి పథకం కింద సబ్సిడీపై పాడి పశువులు ఇచ్చారు. చేయూత పథకం డబ్బుతో గేదెలు కొనుక్కోమని ప్రోత్సహించారు. డబ్బులో ఎక్కువ భాగం ఎదిగిన పశువును కొనడానికే వెళ్లింది. అలా వచ్చిన వాటిలో చాలావరకు బయటి నుంచి తెచ్చినవే. దూడల కోసం సబ్సిడీ దాణా, బీమాతో సునందిని పథకం తెచ్చారు. మంచి పథకమే. అది అందరికీ అంది ఉంటే ఈ వ్యాసం అవసరమే ఉండేది కాదు.

శాఖ వాదనలోనూ పస ఉంది. మేలుజాతి కోడెల ఘనీకృత వీర్యం తయారుచేసే కేంద్రం విశాఖలోనే ఉంది. మగ దూడకు దుక్కి పని పోయింది కాబట్టి ఆడదూడ పుడితే రైతుకే లాభం. అయితే వేరుచేసిన వీర్యం గొట్టంలో కణాలు మామూలు దానికంటే చాలా తక్కువ, చూడి నిలిచే అవకాశమూ కొంత తక్కువే. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న పశువును ఎంచి, అదను చూసి వేయాలి.

రైతుల లెక్క వేరు. దూడకు రోజుకు రెండున్నర లీటర్లు వదిలితే 90 రోజుల్లో 225 లీటర్లు. లీటరు 50 రూపాయలనుకున్నా 11,250 రూపాయలు ముందే పోయినట్టు. తర్వాత దాణా, ఖనిజ లవణ మిశ్రమం, గడ్డి, కూలి. ఇవాళ సూది వేయిస్తే గేదె ఈనడానికి 10 నెలలు, ఆ దూడ పెరిగి తొలి ఈత ఈనడానికి మరో మూడు, నాలుగేళ్లు. రూపాయి రాని ఆ నాలుగైదేళ్లకు బ్యాంకు రుణం, డెయిరీ అడ్వాన్సు దొరకడం కష్టం. సబ్సిడీ మాత్రం సూది మీద ఉంది.

పశువుల చెవులకు ఇప్పుడు 12 అంకెల పోగులు వేస్తున్నారు. వేసిన సూదులు, పుట్టిన దూడలు రికార్డుకు ఎక్కుతున్నాయి. ఆ పోగు నంబరు మీదే దూడను ఆరు నెలలకు, ఏడాదికి తూచి, పెరుగుదల సరిపోతే దాణా డబ్బు విడతలుగా వేయవచ్చు. తొలి ఈత ఈనిన రోజున పెంచిన ఇంటికి, సాధారణంగా ఆ ఇంటి ఆడమనిషి ఖాతాకి, మిగిలిన మొత్తం జమ చేయవచ్చు. వీర్యం పంపిణీకి లక్ష్యాలు పెట్టినట్టే, మండలానికి ఎన్ని పడ్డలు తొలి ఈతకు వచ్చాయో కూడా ఏటా ప్రకటించాలి.