వీడియో అప్‌లోడ్ ఎర్రర్లు: అపోహలు - వాస్తవాలు

చీమకుర్తి గ్రానైట్ వ్యాపారులు తమ పలకల వీడియోలను కొనుగోలుదారులకు పంపుకునే ఒక అప్‌లోడ్ సేవకు ఒంగోలులో ఉండి కోడ్ రాస్తుంటాను. గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ రాయిలో చుక్కల మెరుపు ఫొటోలో తేలదు, కెమెరా కదలాలి. అందుకే మాకు ఇంత పని.

అపోహ: అప్‌లోడ్ ఆగిందంటే తప్పు నెట్‌దే.

వాస్తవం: కొంత నిజమే. మిగతాది మా కోడ్ పుణ్యం.

అపోహ: ఎర్రర్‌ను పట్టుకునే ట్రై, ఎక్సెప్ట్ పెట్టేస్తే ఎర్రర్లు అదుపులో ఉన్నట్లే.

వాస్తవం: పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్లుంటుంది. నా చేతికి వచ్చిన పాత పైథాన్ కోడ్‌లో ఎక్కడ చూసినా ఏ ఎర్రరో పేరు చెప్పని ఎక్సెప్ట్, దాని కింద ఏమీ చేయకుండా వదిలేసే పాస్. డిస్కు నిండినా, లాగిన్ టోకెన్ గడువు తీరినా, వేరియబుల్ పేరులో అక్షరం తప్పినా అన్నిటికీ ఒకటే మౌనం. లూప్‌లో ఉంటే ప్రోగ్రామ్ ఆపడానికి మనం కంట్రోల్-సి నొక్కినా దాన్నీ మింగేస్తుంది! ఇప్పుడు ఏం చేయాలో తెలిసిన ఎర్రర్‌నే పట్టుకుంటున్నాం, మిగతావి పైకి పోనిస్తున్నాం. ఎర్రర్‌ను పైకి పంపే రెయిజ్‌కు ఫ్రమ్ జోడిస్తే అసలు కారణం కూడా లాగ్‌లో నిలుస్తుంది.

అపోహ: విఫలమైతే మళ్ళీ పంపితే సరి.

వాస్తవం: సర్వర్ నుంచి 413 అనే ఎర్రర్ కోడ్ వచ్చిందంటే ఫైలు పరిమితి మించింది. వందసార్లు పంపినా జవాబు మారదు. 401 అయితే ముందు లాగిన్ సరిచేయాలి. కాసేపాగి మళ్ళీ అడగదగినవి 429 (మరీ ఎక్కువసార్లు అడిగారు), 503 (సర్వర్ ప్రస్తుతం అందుబాటులో లేదు) వంటివి. ఎంతసేపు ఆగాలో సర్వర్ తన జవాబుతో వచ్చే రీట్రై-ఆఫ్టర్ హెడర్‌లో చెబితే అది వినాలి. చెప్పకపోతే 1, 2, 4, 8 సెకన్లుగా విరామం పెంచుతూ, అందులో కొంత యాదృచ్ఛికత కలపాలి. లేకపోతే ఫోన్లన్నీ ఒకే క్షణంలో సర్వర్ మీద పడతాయి. మొదటి నుంచి పంపడం మరీ అన్యాయం. టస్ అనే అప్‌లోడ్ ప్రోటోకాల్‌లో ఎన్ని బైట్లు చేరాయో సర్వర్‌నే అడిగి, అక్కడి నుంచి కొనసాగించవచ్చు.

అపోహ: 100 శాతం చూపిస్తే వీడియో చేరినట్లే.

వాస్తవం: ఫోన్లు తీసే ఎంపీ4లో మూవ్ అనే సూచిక భాగం చాలాసార్లు ఫైలు చివర ఉంటుంది. ఆ తోక తెగితే ముందున్నదంతా చేరినా మామూలు ప్లేయర్‌లో వీడియో తెరుచుకోదు. పరిమాణం, చెక్‌సమ్ (ఫైలు మారలేదని సరిచూసే సంఖ్య) సరిపోయి, వీడియోను పరిశీలించే ఎఫ్ఎఫ్‌ప్రోబ్ ఫైలును చదవగలిగాకే మేము "చేరింది" అంటాం.

అపోహ: ఆధునికీకరణ అంటే పాత కోడ్ పారేసి కొత్తది రాయడం.

వాస్తవం: పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది కాబట్టి మారక తప్పదు. అయితే ముందు ఉన్న ప్రవర్తనకు పరీక్షలు రాసి, తర్వాత ఒక్కో ఫంక్షన్ మార్చడం మేలు. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. పాత కోడ్‌లో వీడియోను ముక్కలుగా పంపేటప్పుడు రెండు ముక్కల మధ్య 2 సెకన్ల విరామం కనిపిస్తే తెలివితక్కువ పని అనుకుని తీసేశాను. సాయంత్రానికల్లా స్టోరేజీ నుంచి 429లు వరుస కట్టాయి. ఎవరో కోడ్‌లో ఎందుకో వివరించే ఒక్క వ్యాఖ్య కూడా రాయకుండా వేసిన కట్టు అది. ఆ రాత్రికి దాన్నే తిరిగి పెట్టాను, ఈసారి వ్యాఖ్యతో.