పైరు రంగులో తేలే యుద్ధకాలపు కందకాలు

1940లో ఫ్రాన్స్ తీరంలోని డన్‌కర్క్ రేవు నుంచి బ్రిటిష్ సైన్యం ప్రాణాలతో బయటపడింది గానీ, భారీ ఆయుధాలు చాలావరకు ఫ్రాన్స్‌లోనే వదిలేసి వచ్చింది. జర్మన్ సేనలు ఏ రోజైనా సముద్రం దాటి దిగుతాయన్న టెన్షన్ దేశమంతా పాకింది. స్వదేశ రక్షణ బాధ్యత చూస్తున్న జనరల్ ఐరన్‌సైడ్ పథకం ప్రకారం ఆ వేసవిలోనే ట్యాంకులను ఆపడానికి పొలాలకు అడ్డంగా కందకాలు తవ్వారు, వేల సంఖ్యలో కాంక్రీటు పిల్‌బాక్స్‌లు (లోపలి నుంచి కాల్పులు జరిపే చిన్న గదులు) కట్టారు. దండయాత్ర జరగలేదు. తర్వాత చాలా కందకాలు పూడ్చేసి ఆ నేలలో మళ్లీ గోధుమ, బార్లీ వేసుకున్నారు. ఇప్పుడు గట్టు మీద నిలబడి చూస్తే ఏమీ కనబడదు. వానలు మొహం చాటేసిన ఏడాది విమానంలోంచి చూస్తే మాత్రం ఆ గీతలు పైరులో తేలతాయి.

దీనికి మూలం నేలలోని తేమ. తవ్వి పూడ్చిన చోట మట్టి లోతుగా, వదులుగా ఉండి నీటిని ఎక్కువకాలం పట్టి ఉంచుతుంది. చుట్టూ పైరు పండి పసుపు తిరిగినా అక్కడ మాత్రం పచ్చగా, ఏపుగా ఉంటుంది. అడుగున కాంక్రీటు ఉంటే ఇందుకు వ్యతిరేకం: వేళ్లకు చోటు చాలక మొక్క గిడసబారి, ముందే ఎండుతుంది. సుద్దనేలల్లో, గులకనేలల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. పుష్కలంగా వానలు పడిన ఏడాది పొలమంతా ఒకే ఆకుపచ్చ, ఏ గుర్తూ దొరకదు. 2018 నాటి పొడి వేసవి ఇలాంటి గుర్తులను ఆకాశం నుంచి వెతికే పరిశోధకులకు పండగే.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. పైరు ఆకారాన్ని చూపిస్తుంది గానీ వయసు చెప్పదు. ఫొటోలో పది పదిహేను మీటర్ల అడ్డకొలతతో ఒక పచ్చటి వలయం కనబడిందనుకోండి. అది కంచుయుగపు సమాధి దిబ్బ చుట్టూ తవ్విన కందకం కావచ్చు, 1940లో సెర్చ్‌లైట్ చుట్టూ రక్షణగా మట్టికట్ట వేసిన చోటూ కావచ్చు. వలయాన్ని ఎంత పెద్దది చేసి చూసినా తేలదు, దాని ఇరుగుపొరుగును చూడాలి. దగ్గర్లో చిన్న తుపాకీ గుంతలు, గుడిసెల పునాదులు, రోడ్డు నుంచి చీలి వచ్చే బాట ఉన్నాయా? ఉంటే యుద్ధకాలం వైపు మొగ్గవచ్చు. విమాన విధ్వంసక శతఘ్నుల స్థావరాన్ని గుర్తుపట్టడం దీనికంటే తేలిక. మధ్యలో కమాండ్ పోస్టు, దాని ముందు విల్లులా వంగిన వరుసలో నాలుగు గుంతలు. ఒకసారి చూసినవాళ్లు మరోసారి పొరబడరు.

పొడవాటి గీతల విషయంలో నేను నమ్మేది ఒక్కటే: తవ్వినవాడి అవసరం ఏమిటో ఆలోచించాలి. పైపులైను వేసేవాడికి దగ్గరి దారి కావాలి, అందుకే అది పొలాల హద్దులు పట్టించుకోకుండా తిన్నగా సాగిపోతుంది. ట్యాంకు కందకం చాలాచోట్ల కోణాలుగా మలుపు తిరుగుతుంది, ఎందుకంటే పిల్‌బాక్స్‌లోని సైనికుడు దాని పొడవునా కాల్చగలగాలి. శత్రువుల గ్లైడర్లు (ఇంజిన్ లేని విమానాలు) దిగకుండా తవ్విన కందకాలైతే విశాలమైన ఖాళీ మైదానాలను వెతుక్కుంటాయి. 1939లో ప్రసిద్ధ ఓడ సమాధి (ఓడతో సహా పూడ్చిన ప్రాచీన సమాధి) బయటపడిన ఇంగ్లండ్‌లోని సటన్ హూలో కూడా, ఆ తర్వాత యుద్ధకాలంలో ఇలాంటి కందకాలు తవ్వారు. అంటే ప్రాచీన కాలమూ 1940లూ ఒకే పొలంలో కలగలిసి ఉండొచ్చు!

ఊహ సరైనదో కాదో తేల్చుకోవడానికి గట్టి ఆధారం 1940లలో రాయల్ ఎయిర్ ఫోర్స్ (బ్రిటన్ వాయుసేన) విమానంలోంచి నేరుగా కిందికి తీసిన ఫొటోలు. ఇప్పటి వలయం ఉన్న చోటే ఆనాటి ఫొటోలో తాజా మట్టికట్ట, ముళ్లకంచె కనబడితే అనుమానం తీరినట్టే. 1995లో మొదలైన ‘డిఫెన్స్ ఆఫ్ బ్రిటన్’ ప్రాజెక్టులో వాలంటీర్లు ఇలాంటి రక్షణ స్థలాలను వేలల్లో నమోదు చేశారు. దశాబ్దాలపాటు ఎవరూ చరిత్రగా లెక్కించని ఈ నిర్మాణాల కోసం వాళ్లు పడిన శ్రమకు ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే.

పాత ఫొటో దొరకకపోతే ఆ స్థలం రికార్డుల్లో ‘బహుశా రక్షణ స్థావరం’గానే ఉండిపోతుంది. ఇక మిగిలింది తవ్వి చూడటమే. కందకం అడుగున తుప్పుపట్టిన ముళ్లతీగ దొరుకుతుందో, చెకుముకి రాతి పనిముట్టు దొరుకుతుందో అప్పుడు తెలుస్తుంది.