మోడల్‌కి కనిపించని మోడు

కడప నుంచి బద్వేలు పోయే దారిలో, లంకమల కొండల అడుగున ఒక ఎర్రచందనం మోడు చూశాను. మోకాలెత్తు కూడా లేదు. కోసిన చోట అంచున తెల్లటి పొర, లోపలంతా ముదురెరుపు చేవ. పక్కనుంచి నాలుగు చివుళ్లు లేచాయి, రెమ్మకి మూడేసి గుండ్రటి ఆకులతో.

ఈ చెట్టు సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తం మీద తూర్పు కనుమల దక్షిణపు కొసలోనే. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు, కొంత నల్లమల. ఎండలు ఇలాగే ముదిరితే రేపు ఎక్కడ బతుకుతుంది?

దీన్ని అంచనా వేయడానికి మాక్సెంట్ లాంటి కంప్యూటర్ ప్రోగ్రాములున్నాయి, అవి కట్టే లెక్కనే మోడల్ అంటారు. చెట్టు కనిపించిన ప్రతి చోటా జీపీఎస్‌తో ఒక చుక్క పెడతారు. ఆ చుక్క దగ్గర ఏడాదికి వాన ఎంత, మండే నెలలో వేడి ఎంత, వానలేని రోజులు ఎలా ఉంటాయి అని మామూలుగా 19 రకాల లెక్కలు ఇస్తారు. ప్రోగ్రామ్ వాటిని చుట్టుపక్కల నేలతో పోల్చి, చెట్టుకి ఏ వాతావరణం పడుతుందో పట్టేస్తుంది. తర్వాత 2050 నాటి ఎండావానల అంచనాలు అందిస్తే, అనువైన చోట్లకి రంగులేసి మ్యాపు ఇస్తుంది.

మ్యాపు చూడ్డానికి బాగుంటుంది. చిక్కల్లా చుక్కలతోనే. ఇప్పుడు పెద్ద చెట్లు ఎక్కడ మిగిలాయి? దుంగ భుజాన వేసుకుని దిగడం కష్టమైన గుట్టల మీద, కాపలా గట్టిగా ఉన్నచోట. దారి పక్కన, కొండ అడుగున ఉన్నవి ఎప్పుడో గొడ్డలికి పోయాయి. ప్రోగ్రామ్‌కి పాపం గొడ్డలి సంగతి తెలీదు. అడుగున వేడెక్కువ, చెట్లు లేవు, అంటే వేడి పడదన్నమాట అనుకుంటుంది. అందుకే నా లెక్కలో మోడుకీ ఒక చుక్క పెట్టాలి. నిలబడ్డ చెట్లనే లెక్కేస్తే, ఎర్రచందనం ఎంత ఎండ ఓర్చుకుంటుందో తక్కువ చేసి చెప్పినట్టవుతుంది.

మోడల్ దాటేసేది ఇంకొకటుంది. వంద మీటర్లు పైకెక్కితే ఇంచుమించు 0.6 డిగ్రీలు చల్లబడుతుంది. అంటే ఎండ ఒక డిగ్రీ పెరిగితే, పాత చల్లదనం కోసం చెట్టు జాతి దాదాపు 170 మీటర్లు పైకి జరగాలి. దాని కాయేమో చిన్న అప్పడంలా ఉంటుంది, మధ్యలో గింజ, చుట్టూ పలచటి రెక్క. గాలి ఎంత దూరం విసిరితే అంతే. అక్కడ రాతి సందున మట్టి దొరకాలి, కార్చిచ్చు రాకూడదు. పైగా కొండకీ ఒక కొస ఉంటుంది కదా.

అందుకే అడవుల శాస్త్రవేత్తలు చెట్టుని పైకి పంపడం ఒక్కటే కాదు, వేడిచోటి విత్తనాన్ని, రేపు వేడెక్కబోయే చల్లచోటికి తేవడం గురించీ ఆలోచిస్తున్నారు. పదిచోట్ల విత్తనాలు తెచ్చి, పక్కపక్కన నాటి, ఏళ్ల తరబడి చూడాలి. తొందరపడి కొండంతా ఒకే విత్తనం నాటేస్తే ఉన్నదీ పోతుంది.

వేడికి అలవాటుపడ్డ ఆ రకం ఉంటే గింటే కొండల అడుగునే ఉండాలి. మోడు మీద లేచిన చివురు కొత్త మొక్క కాదు, నరికిన ఆ పాత చెట్టే. కాయ పట్టేదాకా మేకలు కొరక్కుండా చుట్టూ ఇంత ముళ్లకంప వేయాలి.