పెన్సిల్ గీతలోని పొర, నెత్తుటిలోని ఉప్పు

వానలు ముదిరేసరికి హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఓపీ ముందు వరుస పెరుగుతుంది. అక్కడ నిలబడినవారిలో ఎవరిది డెంగీయో, ఎవరిది మామూలు వైరల్ జ్వరమో ముఖం చూసి చెప్పడం అనుభవమున్న డాక్టరుకైనా కష్టమే. డెంగీ వైరస్‌కు చెందిన ఎన్ఎస్1 అనే ప్రొటీను జ్వరం వచ్చిన తొలి రోజుల్లోనే రక్తంలో కనిపిస్తుంది. అయితే దాన్ని నమ్మకంగా పట్టుకునే ఎలిసా పరీక్షకు ల్యాబు, యంత్రం, కొన్ని గంటల సమయం కావాలి. పావుగంటలో గీత చూపించే కిట్లున్నా, ప్రొటీను మరీ తక్కువగా ఉన్నప్పుడు అవి పసిగట్టలేకపోవచ్చు. కిట్టుకున్న వేగాన్నీ, ల్యాబుకున్న సునిశితత్వాన్నీ ఒకే చిప్పులోకి తేవాలన్న ప్రయత్నంలోనే అణువంత మందపు పదార్థాలు రోగనిర్ధారణ రంగంలోకి వచ్చాయి.

వీటిలో పేరుమోసినది గ్రాఫీన్. పెన్సిల్ ముల్లులో ఉండే గ్రాఫైటు నిజానికి కార్బన్ పొరల దొంతర. ఒక మిల్లీమీటరు మందంలో దాదాపు 30 లక్షల పొరలుంటాయి. ఆండ్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్‌లు 2004లో మాంచెస్టర్‌లో మామూలు అంటుకునే టేపుతో గ్రాఫైటును ఒలుస్తూ పోయి ఒంటి పొరను వేరుచేశారు. 2010లో వారికి నోబెల్ వచ్చింది. ఆ పొర మందం నానోమీటరులో మూడో వంతు.

ఇంత పలుచదనం వల్ల రోగికి ఒరిగేదేమిటన్నది సబబైన ప్రశ్నే. చిప్పు మీద రెండు బంగారు కొసల నడుమ ఈ పొరను పరచి, దాని మీద ఎన్ఎస్1ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీలను అతికించి, సన్నటి కరెంటును పారిస్తారు. సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే పలుచటి ద్రవం, ఒక చుక్క వేసినప్పుడు ప్రొటీను వచ్చి యాంటీబాడీకి తగులుకుంటే, దానిమీది విద్యుదావేశం కింద పారుతున్న ఎలక్ట్రాన్లను లాగుతుంది లేదా నెడుతుంది. మందమైన తీగలో ఆ ప్రభావం పై పొరలకే పరిమితమై, లోపలి ప్రవాహం తన దారిన తాను పోతుంది. గ్రాఫీన్‌కు మాత్రం లోపల అనేదే లేదు. ప్రతి అణువూ ఉపరితలం మీదే ఉంది కాబట్టి తాకిడి మొత్తం కరెంటు మీద పడుతుంది.

గ్రాఫీన్‌కు ఒక లోపముంది: దానిలో కరెంటును పూర్తిగా కట్టివేయలేం. మాలిబ్డినం డైసల్ఫైడ్‌కు ఆ చిక్కు లేదు. రాణిగంజ్‌లో అమ్మే నల్లటి మోలీ గ్రీజులో ఉండే పొడి ఇదే. దీని ఒంటి పొర 0.65 నానోమీటర్ల మందం ఉంటుంది. ఇది అర్ధవాహకం (సెమీకండక్టర్) కనుక ప్రవాహాన్ని దాదాపు సున్నాకు దించి, చిన్న ఆవేశానికి కూడా పెద్ద మార్పు కనిపించేలా అమర్చవచ్చు.

ఇక్కడిదాకా కథ సాఫీగానే సాగుతుంది. పత్రికల్లో వచ్చే వార్తలు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి కూడా. అసలు పేచీ రక్తంలోని ఉప్పుతో. రక్తంలో తిరుగుతున్న సోడియం, క్లోరైడ్ అయాన్లు ఏ ఆవేశం కనబడినా దాని చుట్టూ గుమిగూడి కప్పేస్తాయి. ఆవేశం ప్రభావం ఎంత దూరం వరకు తెలుస్తుందో లెక్కగట్టే సూత్రాన్ని పీటర్ డెబై, ఎరిక్ హ్యూకెల్ 1923లోనే ఇచ్చారు. దాని ప్రకారం రక్తంలో ఆ దూరం ఒక్క నానోమీటరు కూడా ఉండదు. యాంటీబాడీ పొడవేమో సుమారు పది నానోమీటర్లు. అంటే దాని కొసకు తగులుకున్న ప్రొటీను, కింద ఉన్న పొరకు దుప్పటి ముసుగేసుకున్న మనిషిలాంటిదే.

సీరాన్ని నూరు రెట్లు పలచన చేస్తే ఆ దూరం పది రెట్లు పెరుగుతుంది, కానీ వెతుకుతున్న ప్రొటీను కూడా నూరోవంతుకు పడిపోతుంది. అందువల్ల యాంటీబాడీకి బదులు ఆప్టమర్లనే పొట్టి డీఎన్ఏ పోగులను వాడుతున్నారు. ఇవి లక్ష్యం దొరకగానే ముడుచుకుని, తమ ఆవేశాన్నే పొర దగ్గరికి తెచ్చుకుంటాయి. గ్రాఫీన్‌ను ముడతలు పడేలా చేస్తే ఆ మడతల్లో అయాన్ల కప్పు బలహీనపడుతుందని కూడా తేలింది. నా మటుకు నాకు ఆప్టమర్ల దారే నమ్మదగినదిగా కనిపిస్తుంది, ఎందుకంటే ముడతలను ప్రతి చిప్పులోనూ ఒకేలా తేవడం తేలిక కాదు.

మరో ఇబ్బంది గుంపుది. గుండెపోటును తెలిపే ట్రోపోనిన్ లీటరు రక్తంలో నానోగ్రాముల లెక్కన ఉంటే, రక్తంలో ఎప్పుడూ ఉండే ఆల్బుమిన్ అనే ప్రొటీను నలభై గ్రాముల దాకా ఉంటుంది. అంటే దాదాపు వంద కోట్ల రెట్లు. ఆ జనసమ్మర్దంలో పొరకు ఊరికే అంటుకునే ఆల్బుమిన్ కూడా కరెంటును మారుస్తుంది. పైగా రాగి రేకు మీద మీథేన్ వాయువుతో పెంచిన గ్రాఫీన్‌ను చిప్పు మీదికి మార్చేటప్పుడు ఎక్కడో ఒకచోట చిరుగుతుంది, జిగురు మరక మిగులుతుంది. అందువల్ల ఏ రెండు చిప్పులూ ఒకే విలువ దగ్గర మొదలుకావు. అందుకే ఒకే చిప్పు మీద రెండు దారులు వేసి, ఒకదానికి ఆప్టమర్లను అతికించి, రెండోదాన్ని అవి లేకుండా వదిలేస్తారు. రోగి సీరం రెండింటి మీదా పడుతుంది. ఖాళీ దారిలో వచ్చిన మార్పును మొదటిదానిలోంచి తీసేశాక మిగిలిన తేడానే ఫలితంగా లెక్కిస్తారు.