డల్లాస్ ఏ దిక్కు?

మా మేనల్లుడి ప్రయాణం ఖాయమయ్యాక, అమలాపురంలో మా పెద్దమ్మ పంచాంగం ముందేసుకుని కూర్చుంది. "ఒరే, ఆ డల్లాస్ ఏ దిక్కురా? బుధవారం టికెట్టంటున్నాడు. ఏ వారం ఏ దిక్కుకి ప్రయాణం కూడదో, ఆ వారశూల చూడాలి."

పడమర అన్నాడు వాడు. జపాన్ మీదుగా తూర్పు అన్నాడు మా తమ్ముడు. నేను ఉత్తరం అన్నాను. ముగ్గురూ నన్ను వింతగా చూశారు.

అమలాపురం తూర్పు రేఖాంశం 82 డిగ్రీల దగ్గరుంది, డల్లాస్ పశ్చిమ రేఖాంశం 97 దగ్గర. రెండూ కలిపితే 179. భూమి చుట్టూ సగం దూరమంటే 180. మనకి మిట్టమధ్యాహ్నమైతే వాళ్ల నెత్తిన అర్ధరాత్రి. రెండు ఊళ్లూ భూమధ్యరేఖకి పైనే ఉన్నాయి కాబట్టి, దగ్గరి దారి ఇంచుమించు ఉత్తర ధ్రువం మీదుగానే పోతుంది.

మాటలతో నమ్మరని పెరట్లోంచి పంపరపనస కాయ కోసుకొచ్చాను. తొడిమ ఉత్తర ధ్రువం. నడుముకి కాస్త పైన ఒక గుండుసూది, అది మనం. అవతలి పక్క ఇంకొంచెం ఎత్తులో మరోటి, అది డల్లాస్. రెంటికీ దారం కట్టి, కాయ నడుము వెంబడి చుట్టి బిగించాను. నిలవలేదు. బిగించేకొద్దీ పైకి జారి తొడిమ దగ్గరికెళ్లి ఆగింది, చేతిలో బోలెడు దారం మిగిలింది. లెక్కలో చెప్పాలంటే ధ్రువం వైపు నుంచి సుమారు 14,500 కి.మీ. మన అక్షాంశం వెంబడే తిన్నగా తూర్పుకి పోతే, డల్లాస్ రేఖాంశం అందుకునేసరికే 19,000 దాటుతుంది. గోడ మీది మ్యాపు ఈ సంగతి చూపించదు. గుండ్రటిదాన్ని బల్లపరుపుగా పరిస్తే ఎక్కడో సాగదీయాల్సిందే.

వాడి టికెట్ దుబాయ్ మీదుగా. చుట్టు తిరుగుడులా కనిపిస్తుంది గానీ, హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లే దూరం కన్నా అదనంగా అయ్యేది 1,000 కి.మీ. మాత్రమే. దుబాయ్‌లో కూర్చునే గంటలే అసలు విసుగు.

దూరం తేలింది, మరి టైము? గంటకి 900 కి.మీ. అని భాగిస్తే 16 గంటలొస్తుంది. ఆ భాగహారం చిన్న ప్రయాణాలకి అసలు పనికిరాదు. రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి నుంచి హైదరాబాద్ గాల్లో 360 కి.మీ.; లెక్క ప్రకారం 24 నిమిషాలు. రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, దిగడం కలిపితే గంట పైమాటే. పెద్ద ప్రయాణాల్లో లెక్క మార్చేది గాలి. నరసాపురం రేవులో ఇంజన్ పడవ నడిపేవాళ్లని అడగండి: పాటు వేళ సముద్రం వైపు ఎంతసేపు, ఎదురెక్కి రావడానికి ఎంతసేపు? ఇంజన్ అదే, కదిలేది నీళ్లు. పైన 9 నుంచి 12 కి.మీ. ఎత్తులోనూ పడమటి నుంచి తూర్పుకి ఇలాంటి ఏరే ఉంటుంది. జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో ఒక్కోసారి గంటకి 200 కి.మీ. దాటుతుంది. అందుకే డల్లాస్ నుంచి దుబాయ్ వచ్చే విమానం, వెళ్లేదానికన్నా సుమారు గంటన్నర ముందే చేరుతుంది.

అంతా విని పెద్దమ్మ పంచాంగం మూసింది. "బుధవారం ఉత్తరానికి శూల. ఇంట్లోంచి వాడు వెళ్లేది హైదరాబాదుకేగా? అది పడమర. బయల్దేరమను."