నల్ల విమానం, బండి చక్రం

చిరంజీవులైన నా మనవళ్లకూ మనవరాళ్లకూ తాతయ్య ఆశీస్సులు.

మొన్న మీలో పెద్దది అడిగిన ప్రశ్న ఫోన్‌లో తేలేది కాదు, అందుకే ఈ ఉత్తరం. డేటన్‌లోని అమెరికా వైమానిక దళ మ్యూజియంలో మీరు వైఎఫ్-12ఏ అనే పొడుగాటి నల్ల విమానం చూశారు కదా. అది నేల మీద ఉన్నంతసేపూ ఇంధనం బొట్లు బొట్లుగా కారేదని అక్కడెవరో చెప్పారట. "అంత గొప్ప ఇంజనీర్లకి ట్యాంకు కారకుండా చేయడం రాలేదా తాతయ్యా?" అంది. మంచి అనుమానం.

నా చిన్నప్పుడు మా ఊళ్లో బండి చక్రానికి ఇనుప పట్టా వేస్తున్నారంటే పిల్లలమంతా కమ్మరి కొలిమి దగ్గరికి పరుగు. కమ్మరి తాత చక్రం చుట్టూ తాడు పెట్టి కొలిచి, పట్టాను అంతకంటే కాస్త తక్కువ చేసేవాడు. చల్లగా ఉన్నప్పుడు అది చక్రానికి పట్టదు. దాన్ని నేల మీద పరిచి, చుట్టూ పిడకలు పేర్చి ఎర్రగా కాల్చేవాళ్లు. అప్పుడది సాగుతుంది. నలుగురూ పట్టుకార్లతో ఎత్తి చక్రం మీద వేసి, సుత్తులతో దిగ్గొట్టి, గబగబా నీళ్లు పోసేవాళ్లు. కాలవ నుంచి ఆ నీళ్లు మోయడానికి మాలో మాకు పోటీ. కర్ర కాలిన వాసన, కళ్ల నిండా ఆవిరి, చక్రం కిర్రుమంటూ బిగుసుకోవడం! వేడికి లోహం సాగుతుందని బడిలో చెప్పకముందే మాకు తెలుసు.

ఇక విమానం. 1960ల్లో సోవియట్ బాంబర్లు మీద పడతాయని అమెరికాకు భయం. అవి రాకముందే దూరాన ఎదురెళ్లి ఆపే విమానం కావాలనుకున్నారు. కాలిఫోర్నియాలోని బర్బాంక్‌లో, లాక్‌హీడ్ కంపెనీలో, కెల్లీ జాన్సన్ అనే ఇంజనీరు బృందం దాన్ని తయారు చేసింది. 1963 ఆగస్టు 7న నెవాడా ఎడారిలో, ఎవరి కంటా పడకుండా, జేమ్స్ ఈస్ట్‌హామ్ అనే పైలట్ మొదటిసారి ఎగరేశాడు. 1965 మే 1న ఇలాంటిదే మరో విమానం గంటకు 3,331 కిలోమీటర్ల వేగం అందుకుని ప్రపంచ రికార్డు కొట్టింది. నిమిషానికి 55 కిలోమీటర్లు!

అంత వేగంలో ముందున్న గాలికి పక్కకు తప్పుకునే వ్యవధి ఉండదు. నలిగి వేడెక్కుతుంది, ఆ వేడి విమానం ఒంటికి పడుతుంది. 24 కిలోమీటర్ల ఎత్తున చుట్టూ గాలి గడ్డకట్టించే చలిగా ఉంటుంది. విమానం రేకు మాత్రం చాలాచోట్ల 260 డిగ్రీలు దాటేది. అల్యూమినియం అయితే ఆ వేడికి నీరసించిపోతుంది. అందుకని టైటానియం వాడారు.

ఇప్పుడు కమ్మరి తాతను గుర్తు తెచ్చుకోండి. ఆయన పట్టా చల్లారాక బిగుస్తుంది. ఈ విమానం కాగాక బిగుస్తుంది. ఎగిరినప్పుడు సాగే లోహానికి చోటుండాలని అతుకులు కాస్త వదులుగానే ఉంచారు. రేకే ట్యాంకు గోడ కాబట్టి, చల్లగా నేల మీద ఉన్నప్పుడు ఆ సందుల్లోంచి ఇంధనం కారేది. సందులు పూడ్చే జిగురు మందు కూడా కాగీ కాగీ గట్టిపడి పగిలేది. అంటే వాళ్లు ఎగిరే కొలతకు కుట్టారు, నిలబడే కొలతకు కాదు. ఎంత వదలాలి అన్నది కమ్మరి తాతకు చేతి అనుభవం. వీళ్లకు ముందు చేసినవాళ్లెవరూ లేరు, అంతా చేసి చూసుకోవలసిందే.

అలాగే శత్రు విమానాల జాడ పట్టే రాడార్ కోసం ముక్కు ఆకారం మారిస్తే విమానానికి నిలకడ తగ్గింది. కడుపు కింద తోక రెక్కలు తగిలించారు. మధ్యలోది నేలకు తగలకుండా, దిగేటప్పుడు పక్కకు మడుచుకునేది. బాంబర్లను కూల్చడానికి అది మోసే క్షిపణులను కూడా పరీక్షించారు, ఏడు వదిలితే ఆరు గురి తప్పలేదు.

ఇంకోటి చెప్పాలి. వేసవిలో వెల్డింగ్ చేసిన భాగాలు తొందరగా పాడవుతున్నాయి, చలికాలంలో చేసినవి నిలుస్తున్నాయి. ఎందుకు? పాత లెక్కలన్నీ తిరగేస్తే తేలిందేమిటంటే, బర్బాంక్ ఊరి నీళ్లలో పాచి పట్టకుండా వేసవిలో క్లోరిన్ ఎక్కువ కలిపేవాళ్లు. ఆ నీళ్లతో కడిగితే టైటానియానికి పడలేదు. డిస్టిల్డ్ వాటర్‌తో కడగడం మొదలుపెట్టాక సరిపోయింది. ఏ భాగం ఎప్పుడు చేశారో రాసిపెట్టుకోకపోతే ఇది దొరికేదే కాదు. మీరూ చూసింది చూసినట్టు, తారీఖుతో సహా రాసుకోండర్రా.

ఇంత చేసినా తయారైనవి మూడే. 93 కొనాలని వైమానిక దళం అడిగింది. వియత్నాం యుద్ధానికి డబ్బు పోతోంది, భయమూ బాంబర్ల నుంచి క్షిపణుల మీదికి మళ్లింది, 1968లో ఆపేశారు. వృథా అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మూడింటిలో ఒకటి దిగేటప్పుడు దెబ్బతింది. రికార్డు కొట్టిన విమానం 1971లో మంటల్లో కూలింది, అందులో ఇద్దరూ బయటికి దూకి బతికారు. మిగిలినది మీరు చూసినది. దాన్ని నాసా తీసుకుని పదేళ్లు పాఠాలు నేర్చుకుంది. ఒకసారైతే కాలిఫోర్నియాలోని తమ ల్యాబ్‌లో దాని చుట్టూ వేడి దీపాలు అమర్చి, నేల మీదే కాల్చారు! వేడికి ఎంత సాగుతోంది, గాలి ఒత్తిడికి ఎంత వంగుతోంది విడివిడిగా తెలియాలని. పిడకల బదులు దీపాలు, అంతే.

ఒక నల్ల లోహపు పిట్ట ఆకాశంలో కొన్ని వేళ్ల మేర పొడుగు పెరిగి, కిందికొచ్చి మళ్లీ తగ్గడం! తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. దాని లెక్కలు మీరు పెద్దయ్యాక చేద్దురుగాని.

ఈలోగా ఒక పని. మీ ఊళ్లో నడక దారి ఉన్న వంతెన మీదికి నాన్నతో వెళ్లండి. రెండు దిమ్మెల మధ్య దువ్వెన పళ్లలాంటి ఇనుప అతుకు, దానిలో సందు ఉంటుంది. దాన్ని జూలై మధ్యాహ్నం ఒకసారి, జనవరి తెల్లవారుజామున ఒకసారి స్కేలుతో కొలవండి. రెండు అంకెలూ, ఆనాటి ఎండ ఎన్ని డిగ్రీలో కూడా రాసి నాకు పంపండి.

ఇట్లు,
మీ తాతయ్య