ఫ్యాటీ లివర్‌కి తిండి ఒక్కటే కారణమా? పాతికమంది కార్మికుల లివర్ చెప్పిన సంగతి

ఫ్యాటీ లివర్ అనగానే తిండి, బరువు, షుగర్ గుర్తొస్తాయి. ఆ కథ అందరికీ తెలిసిందే. గాలిలో, నీళ్ళలో కలిసే రసాయనాలు కూడా లివర్‌లో కొవ్వు పేరుకునేలా చేస్తాయా అన్న వాదన ఇప్పుడు మళ్ళీ రేగింది. దాని మూలం అమెరికాలోని లూయివిల్ నగరంలో, ఒక పీవీసీ ఫ్యాక్టరీలో ఉంది.

బీఎఫ్ గుడ్రిచ్ కంపెనీ అక్కడ వినైల్ క్లోరైడ్ గ్యాస్‌తో ప్లాస్టిక్ తయారుచేసేది. ఒక్కో విడత పూర్తయ్యాక రియాక్టర్ గోడలకి ప్లాస్టిక్ గట్టిగా అంటుకుపోయేది. దాన్ని గీకడానికి మనుషులే లోపలికి దిగేవాళ్ళు. మిగిలిపోయిన గ్యాస్ నేరుగా వాళ్ళ ఊపిరిలోకి పోయేది. చాలా అరుదుగా కనిపించే ఆంజియోసార్కోమా అనే లివర్ క్యాన్సర్‌తో అక్కడి కార్మికులు చనిపోతున్నారని 1974లో ఆ ఫ్యాక్టరీ డాక్టర్ జాన్ క్రీచ్ బయటపెట్టారు. అదే ఏడాది ప్రభుత్వం గాలిలో ఆ గ్యాస్ పరిమితిని 500 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 500 వంతులు) నుంచి 1 పీపీఎంకి తగ్గించింది. చర్చంతా క్యాన్సర్ చుట్టూ తిరిగింది, కొవ్వు సంగతి ఎవరికీ పట్టలేదు.

అసలు మలుపు 2010లో వచ్చింది. లూయివిల్ యూనివర్సిటీలో మాథ్యూ కేవ్ బృందం, వినైల్ క్లోరైడ్ బాగా తగిలిన 25 మంది కార్మికుల లివర్ బయాప్సీలను, అంటే లివర్ నుంచి తీసిన చిన్న ముక్కలను, పరిశీలించింది. వీళ్ళెవరికీ ఊబకాయం లేదు. అయినా 80 శాతం మందిలో, అంటే 20 మందిలో, లివర్‌కి కొవ్వుతోపాటు వాపు కూడా కనిపించింది. ఆ 20 మందిలో సగానికి పైగా వాళ్ళకి లివర్‌లో మచ్చ కట్టడం మొదలైంది. బరువుతో వచ్చే జబ్బుకి, దీనికి మైక్రోస్కోప్ కింద తేడా తెలియనంత పోలిక.

నన్ను ఆపేసిన విషయం ఇంకొకటి ఉంది. మనందరికీ చేసే లివర్ ఎంజైముల రక్తపరీక్షలో, ఈ కార్మికులకీ రసాయనం తగలని కార్మికులకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే రిపోర్ట్ చూసి 'టెన్షన్ పడకండి' అని ఇంటికి పంపేసే మనుషులే వీళ్ళు. కణాలు చనిపోతున్నాయని చెప్పే సైటోకెరాటిన్-18 లాంటి గుర్తులు మాత్రం పెరిగి ఉన్నాయి.

పాతికమందితో ఏం తేలుతుంది, ఫ్యాక్టరీ మోతాదు వేరు, ఊరి గాలి వేరు అన్నది ఎదుటి పక్షం మాట. అందులో నిజం ఉంది. కానీ అదే యూనివర్సిటీ వాళ్ళు తర్వాత ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, 1 పీపీఎం కన్నా తక్కువ మోతాదుకి కొవ్వు ఎక్కువున్న తిండి తోడైతే లివర్ ఎక్కువగా దెబ్బతింది. తిండా, రసాయనమా అని విడదీసి అడగడమే ఇక్కడ పొరపాటు. ఒకటి మెత్తబరిస్తే రెండోది గుచ్చుతుంది.

2023 ఫిబ్రవరిలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఈస్ట్ పాలస్టీన్ అనే ఊళ్ళో గూడ్స్ రైలు పట్టాలు తప్పినప్పుడు, పేలిపోతాయన్న భయంతో అయిదు వ్యాగన్లలోని వినైల్ క్లోరైడ్‌ని కావాలనే తగలబెట్టారు. ఆ ఏడాది జూన్‌లోనే వైద్య సంఘాలు ఫ్యాటీ లివర్ జబ్బుకి ఎంఏఎస్ఎల్‌డీ (MASLD) అని కొత్త పేరు పెట్టాయి. బరువు, షుగర్, బీపీ, కొలెస్టరాల్ లాంటి వాటిలో ఒక్కటున్నా ఆ పేరు కిందికే వస్తుంది. మద్యానికి, మందుల దుష్ప్రభావానికి వేరే గడులు ఉన్నాయి. పర్యావరణ రసాయనాలకి పేరున్న గడి లేదు. లావుగా ఉన్న మనిషి తాగే నీళ్ళలో ఏముందో, ఏ ఫ్యాక్టరీలో పనిచేశాడో అడగాల్సిన అవసరమే డాక్టర్‌కి కనిపించదు.

ఈస్ట్ పాలస్టీన్ వాసుల ఆరోగ్యం మీద అయిదేళ్ళ పరిశోధనకి అమెరికా ప్రభుత్వం 2025 జూన్‌లో కోటి డాలర్లు ప్రకటించింది. అక్కడ లివర్ సంగతిని మామూలు ఎంజైముల పరీక్షతోనే తేల్చేస్తే, లూయివిల్ బయాప్సీల్లో కనిపించినటువంటి జబ్బు ఉన్నా ఆ లెక్కలోకి రాదు.